దస్తగిరి ఊపిరి

మా నాయన పిల్లలకు ఊదడం నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు.

కర్నూలు దూదిపేటలో మసీదు పక్కనే మా పరుపుల దుకాణం. సాయంత్రం నమాజు అయ్యేసరికి మెట్ల దగ్గర తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని వరుస కడతారు. అన్ని కులాలవాళ్లూ వస్తారు, అన్ని దేవుళ్లకు మొక్కేవాళ్లూ వస్తారు. నాయన టోపీ సర్దుకుని, పెదాల మధ్యే ఏదో చదివి, బిడ్డ ముఖం మీద మూడుసార్లు ఊదుతాడు. బిడ్డ కళ్లు చికిలిస్తుంది. తల్లి ముఖం తేటపడుతుంది. ఆయన పేరు దస్తగిరి. నలభై ఏళ్లుగా ఊరివాళ్ల పాత పరుపులు విప్పి, ముద్దకట్టిన దూదిని ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చే మనిషి.

ఆయన కూతుర్ని నేను, మాబున్నిని. ఊపిరితిత్తుల జబ్బుల మీద పనిచేసే ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్ని. పగలంతా పిల్లల గొంతుల్లో తిప్పి తీసిన దూదిపుల్లల మీద క్రిములు వెతికి ఇంటికొస్తే గుమ్మంలోనే ఈ భాగోతం. ఆ దుకాణం మాదేనని ల్యాబులో చాలాకాలం చెప్పలేదు.

సిగ్గు ఒక్కటే అయితే పోనిద్దును. నాకు తొమ్మిదేళ్లప్పుడు తమ్ముడు బడేసాకు దగ్గు పట్టింది. వాడికి ఏడు నెలలు. డొక్కలు ఎగరేస్తుంటే నాయన వాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోలేదు. ఊరవతల ఒక పెద్దాయన ఊదుతాడంటే అక్కడికి ఎత్తుకుపోయాడు. ముందు ముప్పైమంది ఉన్నారట. ఆ వరుసలో నిలబడి ఉండగానే నాయన భుజం మీద తమ్ముడి ఊపిరి ఆగిపోయింది. నిద్రపోయాడనుకున్నాడు. మా వంతు వచ్చాక పెద్దాయన చూసి చెప్పేదాకా తెలియలేదు. అమ్మ ఆ తర్వాత రెండేళ్లే బతికింది.

అలాంటి మనిషి మరుసటి ఏడాది తానే ఊదడం మొదలుపెట్టాడు. దానికి ఒక షరతు పెట్టుకున్నాడు. ఆస్పత్రిలో డాక్టరుకు చూపించి తెచ్చిన చీటీ చేతిలో ఉంటేనే ఊదుతాడు. లేదంటే ఎంత ఏడ్చినా ఊదడు.

"చీటీ యాడమ్మా?" అని అడగడం నేను కొన్ని వేలసార్లు విని ఉంటాను. ఉల్లిగడ్డల మార్కెట్లో గడ్డలు ఏరే ఉరుకుందమ్మ మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వాళ్ల సొంతూళ్లో ఇద్దరు బిడ్డల్ని ఈ జబ్బుకే పోగొట్టుకుని, మూడోవాణ్ణి ఎత్తుకుని మా పేటకు కాపురం వచ్చింది. వాడి పేరు మద్దిలేటి. ముక్కు కారుతోంది, అంతే.

"రేపొద్దున పోతాం తాతా. ఈ పొద్దు పనికి పోయింటి."

"అట్లయితే రేపే ఊదుతా, పో."

"మార్కెట్టు కాడ్నుంచి అంత దూరం నడిసి వచ్చినా తాతా!"

"నా కొడుకు వరసలో సచ్చిపోయినాడమ్మా. నాతో ఎక్కువ మాట్లాడొద్దు. చీటీ తే."

తిట్టుకుంటూ పోయింది. మర్నాడు చీటీతో వచ్చింది. ఆ తర్వాత మూడు నెలలకొకసారి తప్పకుండా వచ్చేది. మద్దిలేటి మా మెట్ల మీదే నడక నేర్చాడంటే అబద్ధం కాదు.

మా ల్యాబు పెద్ద డాక్టర్ వకుళ. ఆవిడ గదిలో గోడ మీద రెండు పటాలుండేవి. ఒకటి ప్రపంచానిది, ఒకటి కర్నూలుది. ఐదేళ్లలోపు బిడ్డ న్యుమోనియాతో పోయినచోటల్లా కర్నూలు పటం మీద ఎర్ర గుండుసూది గుచ్చేవారు. ఆ సూదుల పని నాదే. ఒకరోజు ఆవిడ దూదిపేట మీద వేలు పెట్టి, "ఇక్కడ గుచ్చడం మర్చిపోయావా?" అన్నారు.

"లేదు మేడమ్. అక్కడ ఎవరూ పోలేదు."

"ఎప్పటి నుంచి?"

పాత కాగితాలు తిరగేస్తే ఐదేళ్ల నుంచి ఒక్క బిడ్డ కూడా పోలేదు. కాలవకు అవతలి పేటలో పదకొండు సూదులున్నాయి. నీళ్లు పరీక్ష చేశాం, పొయ్యిలు చూశాం, టీకాల లెక్క చూశాం. రెండు పేటలకూ తేడా లేదు. చివరికి విసుగెత్తి, "మా నాయన ఊదుతాడు మేడమ్, అందుకే అయుంటుంది" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నేను వాదించాను. నాయన చీటీ లేనిదే ఊదడు కాబట్టి పిల్లలు వేళకు డాక్టరు దగ్గరికి పోతున్నారు, బతికించేది చీటీయే గాని ఊపిరి కాదన్నాను. లెక్కలు తీస్తే ఆ మాట సగమే నిజమైంది. కాలవ అవతల ఊదించుకోకపోయినా వేళకు డాక్టరుకు చూపించుకున్న పిల్లలు తక్కువే చనిపోయారు గాని, జబ్బు మాత్రం అందరిలాగే పడ్డారు. నాయన ఊదిన పిల్లలు అసలు జబ్బే పడలేదు.

ఆ సాయంత్రం దూదిపుల్ల పట్టుకుని దుకాణానికి వెళ్లాను. "నాయనా, నోరు తెరువు" అన్నాను. ఆయన చేతిలో పని వదిలి, ఏంటికని కూడా అడక్కుండా తెరిచాడు.

రెండోరోజు ల్యాబులో క్రిములు పెంచే గాజు పళ్లెంలో కనబడింది. పిల్లల్ని చంపే న్యుమోనియా క్రిములు పళ్లెం నిండా బూజులా పరుచుకున్నాయి. నాయన గొంతులోంచి వచ్చిన ఒక చిన్న క్రిమి చుట్టూ మాత్రం గాజు తళతళా శుభ్రంగా ఉంది. ఆ గిరి దాటి ఒక్కటీ లోపలికి రాలేదు. మేం దానికి కాపలా క్రిమి అని పేరు పెట్టుకున్నాం. పిల్లల ముక్కుల్లో వెతికితే అక్కడా దొరికింది. ఊదిన రోజు నుంచి మూడు నెలలపాటు ఉండి, ఆ తర్వాత మాయమవుతోంది. మూడు నెలలకొకసారి రమ్మని ఆ తల్లులకు ఎవరూ చెప్పలేదు. వాళ్లంతట వాళ్లే పెట్టుకున్న లెక్క అది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని నేను ఏడ్చాను. నాయన గాభరాపడ్డాడు. "నువ్వు ఊదితే నిజంగానే పని చేస్తోంది నాయనా" అని చెప్పాను. ఆయన, "అట్లయితే బడేసాకు నేనే ఊదింటే సరిపోతాండె" అన్నాడు.

చిక్కేమిటంటే ఆ క్రిమి పళ్లెంలో మూడో రోజుకు చచ్చిపోతుంది. ఇంకో పెద్ద మనిషి గొంతులో నిలవదు. ల్యాబులో పదకొండుమందిమి నాయన చేత ఊదించుకున్నాం, నాతో సహా. ఎవరికీ అంటలేదు. నాయన ఛాతీకి ఎక్స్‌రే తీస్తే కారణం అర్థమైంది. నలభై ఏళ్లు ఊరి పరుపుల దుమ్ము పీల్చి ఆయన ఊపిరితిత్తులు గరుకెక్కిపోయాయి. ఆ గరుకులోనే అది గూడు కట్టుకుంది. ప్రపంచం మొత్తానికి దానికి ఉన్న ఇల్లు ఆ ఒక్కటే.

డాక్టర్ వకుళ ఆయన్ని పిలిపించి ప్రపంచపటం ముందు కూర్చోబెట్టారు. ఏటా ఏడు లక్షలమంది పిల్లలు ఈ జబ్బుతో పోతున్నారని చెప్పారు.

"ఏడు లచ్చలంటే మా కర్నూలంతా పోయి, ఇంకా మిగులుతాది కదమ్మా?"

"అవును పెద్దాయనా."

"ఏటా?"

"ఏటా."

ఆయన పటం వైపు చూస్తూ, "ఒక్క నోరుతో ఎంతమందికి ఊదేది?" అన్నాడు.

దారి నాకే తట్టింది. అప్పుడు నాకెంత గర్వంగా ఉండిందో చెప్పలేను. మా వాళ్లు కడిగి, ఉడకబెట్టిన కొత్త దూది మీద క్రిమిని పెంచాలని చూస్తున్నారు. దానికి కొత్త దూది ఏం తెలుసు? దుకాణంలోంచి పాత పరుపు దూది ఒక మూట తెచ్చాను. దాని దుమ్ము మీద మనిషి ఊపిరితిత్తి కణాలు పరిచి, గాజుపెట్టెలో వెచ్చగా ఉంచాం. నాయన గొట్టంలోంచి పొద్దునా సాయంత్రం ఊదాలి. అలా ఆరు రోజులు ఊదితే క్రిమి వేరుపట్టి సొంతంగా బతుకుతుంది. వేరుపట్టాక ఒక పెట్టెలోంచి వంద పెట్టెలకు, ప్రపంచంలో ఏ మూలకైనా పంపొచ్చు. ఆరు రోజుల్లోపు ఆపితే మొత్తం పోతుంది. ముందు చిన్న మోతాదులో చేసిన పరీక్షలను బట్టి మేం వేసిన లెక్క అది.

రెండోరోజు పొద్దున నాయన ఊదుతూ ఊదుతూ దగ్గాడు. గొట్టం మీద ఇటుకరంగు తెమడ పడింది.

న్యుమోనియా. పిల్లల్ని చంపే రకం కాదు, వేరే జాతి. దాని మీద మా కాపలా క్రిమికి అధికారం లేదు. పరీక్ష చేస్తే మామూలు మందుకే లొంగే రకమని తేలింది. రోజుకు రెండు సూదులు వేస్తే రెండు మూడు రోజుల్లో లేచి కూర్చుంటాడు. కానీ ఆ మందు ఆయన గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉన్నదాన్నీ చంపుతుంది. కాపలా క్రిమి దాని ముందు ఒక్క పూట కూడా ఆగదు.

డాక్టర్ వకుళ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మందు మొదలుపెడదాం మాబున్నీ. పెట్టె సంగతి తర్వాత" అన్నారు. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకెన్నాళ్లమ్మా?"

"ఇవాళ కాక నాలుగు రోజులు" అన్నాను.

"నాలుగు దినాలేగా. దగ్గుకుంటా ఊదుతా. ఆరో దినం సాయంత్రం ఏ సూది కావాలంటే ఆ సూది గుచ్చుకో."

"నాలుగు రోజులు నువ్వు ఉండకపోవచ్చు నాయనా!" అని అరిచాను.

"ఉంటాలే. నీ పెండ్లి చూడకుండా యాడికి పోతా?" అని నవ్వబోయి దగ్గాడు. తెలివిలో ఉన్న మనిషి వద్దన్న మందు ఎక్కించడానికి డాక్టర్ వకుళకు మనసొప్పలేదు. ఆవిడ కళ్లలో బాధ ఉంది. బాధ వెనక రవ్వంత ఊరట కూడా కనబడింది. ఆవిణ్ణి అసహ్యించుకున్నాను. నా కళ్లలో కూడా అదే ఉందేమోనని అద్దం చూసుకోలేదు.

ల్యాబులోనే ఒక గదిలో మంచం వేసి ఆక్సిజన్, సెలైన్ పెట్టాం. మూడోరోజు రెండుపూటలా ఊదాడు. గొట్టం నేనే పట్టుకున్నాను. పెట్టెలో దూది మీద పాలమీగడలాంటి పొర కనబడింది. డాక్టర్ వకుళ ఆ పొరను చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాకు ఒంటిమీద తెలివి తప్పినా సరే, సూది వెయ్యనని చెప్పు" అన్నాడు.

"వెయ్యను నాయనా."

"బడేసా మీద ఒట్టు వెయ్యి."

వేశాను.

నాలుగోరోజు పొద్దున రెండుసార్లు ఊది మూడోసారికి వెనక్కి పడిపోయాడు. మధ్యాహ్నానికి పెదాలు నల్లబడ్డాయి. దుప్పటి తీసి చూస్తే డొక్కలు ఎగరేస్తున్నాయి. అచ్చం తమ్ముడి డొక్కల్లాగే లోపలికి పోయి, పైకి లేచి, మళ్లీ లోపలికి పోతున్నాయి. తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను. ఏడు లక్షలమంది గురించి ఆలోచించాలని గట్టిగా ప్రయత్నించాను. ఒక్క ముఖమూ గుర్తుకు రాలేదు. నా కళ్లముందు ఉన్నది మా నాయన ఒక్కడే.

గదిలో ఎవరూ లేరు. మందు బీరువాలో ఉంది. సెలైన్ గొట్టంలోకి ఎక్కించడానికి నిమిషం కూడా పట్టలేదు.

వెంటనే పోయి డాక్టర్ వకుళకు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూలబడి, "మా అమ్మయితే నేను మొదటిరోజే వేసేదాన్ని" అన్నారు. ఆ తర్వాత కుర్చీ తిప్పుకుని ప్రపంచపటం వైపు చూస్తూ ఉండిపోయారు. నాయనకు చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. లేచాక చెబుదామనుకున్నాం. లేచాక చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆ సాయంత్రం ఆయన కళ్లు తెరిచి మొదట అడిగింది గొట్టం. "పొద్దు మీరలేదు కదా? తే, తే" అన్నాడు. నేను పట్టుకున్నాను. మందు నిండిన ఊపిరిని ఆ పొర మీదికి ఊదాడు. ఐదోరోజు ఊదాడు. ఆరోరోజు మంచం మీద లేచి కూర్చుని మరీ ఊదాడు. "సూడు, సూది లేకుండానే తగ్గిపాయ. దుమ్ముకు పదునెక్కిన ఒళ్లు ఇది" అని మురిసిపోయాడు. ప్రతిసారీ గొట్టం పట్టుకున్న చెయ్యి నాదే. ఆ తర్వాత సూది వేస్తామంటే వేయించుకున్నాడు. వేసింది ఉత్త ఉప్పునీళ్లు. అసలు మందు నాలుగోరోజు నుంచీ సెలైన్లోనే ఎక్కుతోంది.

ఎనిమిదోరోజుకు పెట్టెలో పొర నల్లబడి ఊడిపోయింది. "ప్రయోగం నిలవలేదు నాయనా" అని చెప్పాను.

"పోనీలేమ్మా. నా గొంతులో ఉంది కదా, యాడికి పోతాది? ఒళ్లు తేరుకున్నంక మళ్లీ చేద్దాం" అని నన్నే ఓదార్చాడు.

దూదిపుల్ల పెట్టి చూస్తూనే ఉన్నాను, వారానికొకసారి. దొరకలేదు. పిల్లల ముక్కుల్లో మిగిలినదాన్ని తెచ్చి పెట్టెలో పెంచబోతే అదీ బతకలేదు. మళ్లీ పాత పరుపుల మధ్య కూర్చోబెడితే వస్తుందేమోనని ఆశపడ్డాను. రాలేదు. ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో తెలియనిదాన్ని మళ్లీ రప్పించడం ఎవరివల్ల అవుతుంది?

నాయన దుకాణం తెరిచాడు. వరుస మళ్లీ మొదలైంది. ముందొచ్చింది ఉరుకుందమ్మే. మద్దిలేటికి మూడు నెలలు దాటిపోయిందని గోల. "మా తాత యాడ పోతాడో అని ఎంత బయపడినానో!" అంది. నాయన చీటీ చూసి, మూడుసార్లు ఊదాడు. మద్దిలేటి కళ్లు చికిలించి, నాయన గడ్డం పట్టుకుని లాగాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ వట్టి గాలికి ఆమె కొంగు నుదుటికి తాకించి దణ్ణం పెట్టుకుంది.

ఇరవైరెండు రోజుల తర్వాత మద్దిలేటికి జ్వరం వచ్చింది. ఉరుకుందమ్మ ఒక్క గంట కూడా ఆలస్యం చేయలేదు. అలవాటు కదా, చీటీ కోసమే ముందు ఆస్పత్రికి పరిగెత్తింది. మంచం దొరికింది, ఆక్సిజన్ దొరికింది, మందు పడింది. డాక్టర్లు చెయ్యాల్సిందంతా చేశారు. మూడోరోజు తెల్లవారి వాడు పోయాడు.

కర్నూలు పటం మీద దూదిపేటలో సూది గుచ్చాల్సింది నేనే. గుచ్చాను. ఇంటికొచ్చేసరికి నాయన దుకాణం తలుపు వేసుకుని చీకట్లో కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు పోయినాడు వాడు?" అన్నాడు. "నేను ఊదినా కదా. చీటీ కూడా ఉండె కదా."

అప్పుడు చెప్పాను. బడేసా మీద వేసిన ఒట్టుతో సహా అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఎన్నో దినం వేసినావు?"

"నాలుగో దినం."

"ఇంక రెండు దినాలే కదమ్మా" అన్నాడు. ఆ తర్వాత వారంపాటు నాతో మాట్లాడలేదు. నేను పెట్టిన అన్నం తిన్నాడు, నా వైపు చూడలేదు. ఆయన బతికి ఉన్నందుకు నాకు సంతోషంగానే ఉంది. ఆ సంతోషం దాచుకోవడానికే చచ్చేంత సిగ్గుగా ఉంది.

ఎనిమిదోనాటి సాయంత్రం నేను వచ్చేసరికి వరుస మెట్ల మీది నుంచి వీధి మలుపుదాకా ఉంది. నాయన పరుపుల మీద కూర్చుని ఉన్నాడు. తల్లులు పిలుస్తున్నా లేవలేదు. నన్ను చూసి లోపలికి రమ్మన్నాడు.

"వాళ్లకు చెప్పేద్దాం నాయనా" అన్నాను. "ఊదుడులో ఏమీ లేదని చెప్పేద్దాం. పంపించేద్దాం."

"చెప్పు. రేపు వీళ్లంతా ఏం జేస్తారు? చీటీ తెచ్చుకోరు. ఊరవతలికి పోయి ఇంకొకని ముందర వరసలో నిలబడతారు. నా మాదిరి." బయటి వరుస వైపు చెయ్యి చూపాడు. "చీటీ అన్నా మిగలల్లమ్మా. చీటీ మిగలాలంటే ఊదల్ల."

"అయితే ఊదు."

"నాతో కాదు. అది ఉన్నెప్పుడు నాకు తెలీకుండా ఊదినా. ఇప్పుడు లేదని తెలిసి ఎట్ల ఊదేది? అబద్ధం నాది కాదు మాబున్నీ." నెత్తిమీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నీది. పో, నువ్వే ఊదు."

నేను మెట్ల మీదికి వచ్చి, ఇక నేనే ఊదుతానన్నాను. దస్తగిరికి ఒంట్లో బాగాలేదని, ఇకనుంచి కూతురే ఊదుతుందని ఎవరో వెనక్కి చెప్పుకుంటూ పోయారు. ఒక్కరూ వరుస వదల్లేదు. తండ్రి గుణం కూతురికి రాకపోతుందా అని ఒకామె అంది.

ముందున్నది ఉరుకుందమ్మ. చేతుల్లో ఇరవైరోజుల పసిగుడ్డు, చెల్లెలి బిడ్డట. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. వాడు పోయి పదిరోజులు కూడా కాలేదు, మళ్లీ మా మెట్లే ఎక్కింది. అడక్కుండానే చీటీ చాపింది. దాని మీద ఆ పొద్దుటి తేదీ ఉంది.

"మావాడి ఆయుస్సు అంతే లేమ్మా. దీనికైనా గట్టిగా ఊదు" అంది.

చీటీ తిరిగిచ్చాను. వంగి, ఆ చిన్న ముఖం మీద ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ఊదాను. బిడ్డ కళ్లు చికిలించింది. ఉరుకుందమ్మ కొంగు నుదుటికి తాకించుకుని, మూడు నెలలకు మళ్లీ తెస్తానని చెప్పి మెట్లు దిగింది.

ఆ వెనకామె బిడ్డను భుజం మార్చుకుని పైమెట్టు ఎక్కింది.

"చీటీ యాడమ్మా?" అన్నాను.